తిక్క మనుషుల కామెడీలు: ఏది ఎవరితో చూడాలి

కామెడీ సినిమాల్లో ఒక రకం ఉంది. హీరోకి ఫైట్లు రావు, మాట సరిగ్గా రాదు. పెళ్లికి పోతే ఎక్కడ నిలబడాలో తెలియక ప్లేటు పట్టుకుని గోడకి ఆనుకునే రకం. కథ కూడా పెద్దగా ఉండదు, ఆ మనిషి తిక్కే కథ. ఇలాంటి సినిమా చూడమని ఇంకొకరికి చెప్పడం మహా కష్టం. నల్లగొండలో పొట్ట పట్టుకుని నవ్విన అన్న, దేవరకొండలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి చూడమంటాడు. తమ్ముడు అరగంటకి ఆపేసి "ఏమున్నదే అన్నా అండ్ల?" అంటాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

ఈ కష్టం కంప్యూటర్లకీ వచ్చింది. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది. ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో తమ లెక్క కంటే 10 శాతం మెరుగ్గా చెప్పినవాళ్లకి 10 లక్షల డాలర్లు ఇస్తామంది. 2009లో ఒక జట్టు ఆ డబ్బు గెలుచుకుంది కూడా. అయితే పోటీలో ఉన్నవాళ్లని బాగా ఏడిపించిన సినిమాల్లో ముందు వరసలో ఉన్నది 2004 నాటి అమెరికన్ కామెడీ 'నెపోలియన్ డైనమైట్'. దానికి ఇచ్చేవాళ్లు ఐదు స్టార్లు ఇస్తారు, లేదంటే ఒక్కటి. ఒక మనిషి పాత ఇష్టాలన్నీ ముందు పెట్టుకున్నా, ఇది నచ్చుతుందో లేదో లెక్క తేలేది కాదు.

అందుకే ఈ రకానికి రేటింగ్ చూసి లాభం లేదు. నేనైతే రెండు సంగతులే చూస్తాను. సినిమాలో నవ్వు ఎక్కడుంది? గదిలో ఎవరున్నారు?

నవ్వు ఎక్కడుంది అంటే ఏమిటో చెప్తాను. కొన్ని సినిమాల్లో నవ్వు మాటలో ఉంటుంది, తల తిప్పుకున్నా చెవిన పడుతుంది. కొన్నిట్లో మొహంలో ఉంటుంది. ఒకడు ఏదో తిక్క మాట అంటాడు, ఎదుటివాడు ఏమీ అనడు, ఆ మౌనం మూడు సెకన్లు సాగుతుంది, అదే జోకు. ఇంకొన్నిట్లో కథ మెలికలో ఉంటుంది, మొదటి పావుగంట చూడనివాళ్లకి తర్వాతది ఎక్కదు.

మన ఇళ్లలో సినిమా చూసే తీరు వేరు కదా. టీవీ ముందు గదిలో ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది. దసరాకి అందరూ చేరితే ఆ గదిలోనే పది మంది. వాళ్లలో సగం మంది ఉడకబెట్టిన పల్లికాయ వలుస్తూ చూస్తుంటారు. వంటింట్లో కుక్కర్ కూత పెడుతుంది. పక్కింటి వదినె గిన్నె తిరిగి ఇచ్చిపోదామని వచ్చి, గడపలో నిలబడి రెండు సీన్లు చూసి, "ఈయన ఎవరు? ఎందుకు గట్ల చూస్తుండు?" అని అడుగుతుంది. ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేలోపు ఆ మూడు సెకన్ల మౌనం పోయింది, జోకు పోయింది. మాటల కామెడీ ఈ గోలని తట్టుకుంటుంది. మొహం కామెడీ తట్టుకోలేదు. ఎంత గొప్ప సినిమా అయినా సరే.

పండగ రోజు ఇల్లు నిండా జనం ఉంటే

అప్పుడు 'జాతిరత్నాలు'ని మించింది లేదు. 2021 మార్చి 11న, శివరాత్రి రోజు విడుదలైంది. అనుదీప్ దర్శకుడు. నవీన్ పొలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ముగ్గురూ జోగిపేట కుర్రాళ్లు, పనీపాటా లేని బాపతు. నాయన లేడీస్ ఎంపోరియం నడుపుతాడు కాబట్టి ఊళ్లో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారన్న బాధ శ్రీకాంత్‌ది, అంటే నవీన్ వేసిన పాత్రది. హైదరాబాద్ పోయి పెద్దోణ్ణి అవుతానని బయల్దేరతాడు, మిగతా ఇద్దరు వెంటపడతారు, చివరికి చేయని హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు.

కథగా చూస్తే ఇందులో చిల్లులు చాలా ఉన్నాయి. లెక్కపెట్టేవాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఇది మధ్యలో ఎక్కడ కూర్చున్నా నవ్వించే సినిమా. కోర్టులో జడ్జి బ్రహ్మానందం ముందు శ్రీకాంత్ నోరు విప్పే ఘట్టం తీసుకోండి. అతనికి చట్టం తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు. మొహమాటం అసలే లేదు. తప్పు మాటని అంత ధైర్యంగా, అంత వినయంగా చెప్తుంటే, ముందు జరిగిందేమీ తెలియని వదినె కూడా గిన్నె కింద పెట్టి నవ్వుతుంది. జోగిపేట సంగారెడ్డి జిల్లాలో ఉంది, మన నల్లగొండ, పాలమూరు మాటకీ వాళ్ల మాటకీ తేడా ఉంది. అయినా అర్థం కాకపోవడం ఉండదు. సబ్‌టైటిల్ చదవలేని నాయనమ్మలకి అది పెద్ద సుఖం.

ఒక్క జాగ్రత్త. గదిలో గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతూ, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న కుర్రాడు ఉన్నాడనుకోండి. జాతిరత్నాలు మొదలైన పది నిమిషాల్లో ఏ మామయ్యో టీవీని వదిలి ఆ పిల్లగాడి వైపు తిరుగుతాడు. "చూడు, అచ్చం నీ లెక్కనే" అంటాడు. అందరూ నవ్వుతారు, వాడూ నవ్వుతాడు, కాసేపటికి ఫోన్ వచ్చిందని చెప్పి డాబా మీదికి పోతాడు. సినిమా తప్పేం లేదు, కానీ ఆ రోజుకి అది సరైన సినిమా కాదు. ఈ లెక్క ఏ యాప్ కూడా వేయలేదు, ఇంట్లో రిమోట్ పట్టుకున్న మనిషే వేయాలి.

అలాంటి రోజు నా ఓటు 'సినిమా బండి'కి. అదీ 2021దే, నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ప్రవీణ్ కండ్రేగుల తీశాడు. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె. ఆటో డ్రైవర్ వీరబాబుకి బండిలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది. అమ్ముకోడు, మనమే సినిమా తీద్దాం అంటాడు. పెళ్లిళ్లకి ఫొటోలు తీసే గణపతి కెమెరామన్, క్షవరం చేసే కుర్రాడు హీరో. వీళ్లకీ ఏదీ రాదు. కానీ ఇక్కడ చేతకానివాళ్లని చూసి ఎవరూ ఎవరినీ దెప్పరు, ఎందుకంటే వాళ్లు ఏదో ఒక పని మీద ఉన్నారు. మామయ్యకి అవకాశం దొరకదు.

దీంట్లో నవ్వు సగం మాటలో, సగం మొహంలో ఉంది. కాబట్టి భోజనాలయ్యాక, సగం మంది నిద్రపోయాక పెట్టండి. నలుగురైదుగురు మిగిలితే చాలు. హీరోగా నిలబెట్టిన క్షవరం కుర్రాడు కెమెరా ముందు స్టైల్ కొడుతుంటే, అతను తన మొహాన్ని ఎంత ముచ్చటగా చూసుకుంటాడో గమనించండి. అద్దం ముందు ఊరి మొహాలన్నీ తీర్చిదిద్దే మనిషికి మొదటిసారి తన వంతు వచ్చింది. ఎగతాళి చేయడానికి ఎన్ని వీలున్నా దర్శకుడు చేయలేదు.

యాస సంగతి కూడా చెప్పాలి. ఈ సరిహద్దు మాట నల్లగొండ, సూర్యాపేట వాళ్లకి మొదట్లో కొంచెం కొత్తగా తగులుతుంది. గద్వాల, అలంపూర్ వాళ్లకి అంత ఉండదని నా అనుమానం. ఒక పక్క రాయచూరు, ఇంకో పక్క కర్నూలు పెట్టుకుని పెరిగిన చెవులు కదా, కన్నడం కలిసిన తెలుగు వాళ్లకి వింత కాదు. నల్లగొండ వాళ్లు ఒక పావుగంట ఓపిక పడితే సర్దుకుంటుంది.

'సినిమా బండి'యా, 'మెయిల్'ఆ

ఈ రెండిటి మధ్య తేల్చుకోలేని వాళ్లు ఉంటారు. రెండూ పల్లె, రెండూ చిన్న సినిమాలు, రెండిట్లోనూ ఒక యంత్రం ఊళ్లోకి వచ్చి మనుషుల బుర్ర తిప్పుతుంది. ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో కంప్యూటర్. 'మెయిల్' 2021 సంక్రాంతికి ఆహాలో వచ్చింది, ఉదయ్ గుర్రాల దర్శకుడు. కథ జరిగేది కంబాలపల్లిలో. అది మహబూబాబాద్ జిల్లా, మన మహబూబ్‌నగర్ కాదు. (ఈ రెండు పేర్లతో పాలమూరు వాళ్లు పడే పాట్లు వేరే రాయాలి.) ఊళ్లోకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన కాలం. ప్రియదర్శి కంప్యూటర్ సెంటర్ పెడతాడు. రవి అనే కుర్రాడు దాని మీద పిచ్చితో శిష్యుడిలా చేరతాడు. తర్వాత అతనికి కోట్లలో డబ్బు వచ్చిందని ఒక మెయిల్ వస్తుంది. మిగతాది మీకు తెలుసు. ఆ రోజుల్లో మెయిల్ ఐడీ ఉన్న ప్రతివాడికీ అలాంటిది ఒకటి వచ్చింది.

ఎంచుకోవడానికి నా సూచన ఇది. మీ వయసు ముప్పై దాటి, గంటకి ఇంత అని కట్టి నెట్ సెంటర్లో కూర్చున్న రోజులు గుర్తుంటే 'మెయిల్' చూడండి. మౌస్ పట్టుకోవడానికి చెయ్యి వణికిన సంగతి గుర్తున్నవాళ్లకే ఆ కుర్రాడి భక్తిలోని నవ్వు పూర్తిగా అందుతుంది. చేతిలో ఫోన్‌తోనే పెరిగిన పిల్లలకి అది చూపిస్తే, "కంప్యూటర్‌కి గంత సీనెందుకు?" అంటారు. వాళ్లకి 'సినిమా బండి' నయం. రీల్స్ తీసుకునే పిల్లలకి కెమెరా ముందు బిగుసుకుపోయే మనిషి బాగానే అర్థమవుతాడు.

'మెయిల్' కొంచెం నిదానం, ఆ సంగతి దాచి లాభం లేదు. రెండో సగంలో కుర్రాడి కష్టం నవ్వుని మింగేస్తుంది. నాకు అది నచ్చింది. పండగ రోజు నవ్వుకుందామని కూర్చున్న ఇంటికి నచ్చకపోవచ్చు.

ఒక్కరే ఉన్నప్పుడు

ఇంట్లో ఎవరూ లేని రాత్రి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఇబ్బంది లేకపోతే, ఆ కంప్యూటర్లని ఏడిపించిన 'నెపోలియన్ డైనమైట్' పెట్టండి. అమెరికాలో ఐడహో అనే రాష్ట్రం, ప్రెస్టన్ అనే చిన్న ఊరు. జారెడ్ హెస్, ఆయన భార్య జెరూషా రాసిన కథ, జారెడే దర్శకుడు. సుమారు 4 లక్షల డాలర్లతో తీస్తే 4 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది.

నెపోలియన్ హైస్కూల్ కుర్రాడు. నోరు సగం తెరిచి, కళ్లు సగం మూసి మాట్లాడతాడు. స్కూల్లో పెట్టిన తిండిని జేబులో దాచుకుని క్లాసులో తింటాడు. ముప్పై దాటిన అన్న కిప్ పొద్దస్తమానం నెట్‌లో అమ్మాయితో చాటింగ్. ఇక బాబాయి రికో. 1982లో కోచ్ తనని ఆటలోకి దించి ఉంటే జీవితమే వేరుగా ఉండేదంటాడు. వ్యానులో తిరుగుతూ ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముకుంటూ, ఖాళీ దొరికితే బంతి విసురుతూ తనని తనే వీడియో తీసుకుంటాడు. ఈయన్ని చూడటానికి ఐడహో పోనక్కర్లేదు. నల్లగొండలో ఎన్జీ కాలేజీ గ్రౌండ్ పక్కన టీ కొట్టు దగ్గర ఒక పొద్దు నిలబడండి, సెలెక్టర్లు అన్యాయం చేయకపోతే రంజీ ఆడేవాణ్ణని చెప్పే బాబాయి ఒకాయన తప్పకుండా తగులుతాడు.

ఈ సినిమాలో నవ్వంతా మొహంలో, మౌనంలో ఉంది. కెమెరా కదలదు. పాత్రలు గోడకి తగిలించిన ఫొటోల్లా నిలబడతాయి. ఒకరి మాటకి ఇంకొకరి జవాబు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం. పది మంది ఉన్న గదిలో ఇది పది నిమిషాలు కూడా బతకదు. ఒంటరిగా చూస్తే మాత్రం మెల్లగా లోపలికి దిగుతుంది.

దాని చివరి భాగం గురించి కొంచెం చెప్తాను, చెప్పినా చెడిపోయే సినిమా కాదు ఇది. నెపోలియన్ స్నేహితుడు పెడ్రో స్కూల్ ఎన్నికల్లో నిలబడతాడు. ప్రసంగం అయ్యాక ఏదో ఒక ప్రదర్శన ఇవ్వాలని అక్కడే తెలుస్తుంది. వీళ్ల దగ్గర ఏమీ లేదు. నెపోలియన్ ఒక క్యాసెట్ ఇచ్చి స్టేజీ ఎక్కి, ఒక్కడే డాన్స్ చేస్తాడు. అప్పటిదాకా సరిగ్గా నడవడం కూడా రాదనిపించిన మనిషి. డాన్స్ బాగుందా అంటే బాగుంది, వింతగా ఉందా అంటే ఉంది. పాట అయిపోగానే దండం కూడా పెట్టకుండా పరిగెత్తి పోతాడు. అందరి ముందు పాడమంటే బాత్రూమ్‌లో దాక్కున్న అనుభవం ఎవరికైనా ఉంటే, ఈ సీను దగ్గర వాళ్లు నవ్వుతున్నారో ఇంకేం చేస్తున్నారో చూడటానికి పక్కన ఎవరూ లేకపోవడమే మంచిది.

సినిమా మొదలుపెట్టి ఇరవై నిమిషాలు చూడండి. అప్పటికీ పెదవి కదలకపోతే ఆపేయండి, తర్వాత మారదు. జాతిరత్నాలకి ఈ సూత్రం వర్తించదు, దాని ఊపు పోను పోను పెరుగుతుంది.

దోస్తుల గదిలో

మహబూబ్‌నగర్‌లోనో మిర్యాలగూడలోనో నలుగురు కలిసి గది తీసుకుని ఉంటే, ఎక్కువ ఆలోచించకుండా 'ఈ నగరానికి ఏమైంది?' పెట్టేస్తారు. తరుణ్ భాస్కర్ 2018లో తీసింది. షార్ట్ ఫిల్మ్ కల చెదిరిన నలుగురు స్నేహితులు, తాగిన మత్తులో గోవా తేలతారు. మాటల కామెడీ, అదీ దోస్తులు దోస్తులతో మాట్లాడుకునే మాట. 2023లో మళ్లీ థియేటర్లలో వేస్తే కుర్రాళ్లు డైలాగులు ముందే చెప్తూ చూశారు. అమ్మానాన్నలతో మాత్రం పెట్టకండి. తాగుడు సీన్లు ఎక్కువ, "మీరూ గిట్లనే ఉంటరా రూముల?" అన్న ప్రశ్నకి జవాబు మీ దగ్గర ఉండదు.

కథ మెలికలు కావాలనే బ్యాచ్‌కి 2019 వేసవి చివర్లో వారం తేడాతో వచ్చిన రెండు సినిమాలున్నాయి. నెల్లూరు డిటెక్టివ్ 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' మొదట నవ్విస్తుంది, తర్వాత గంభీరమైన నేరం వైపు పోతుంది. 'బ్రోచేవారెవరురా' ఇంటర్ తప్పుతూ కూర్చున్న ముగ్గురి కథ, ఉత్తుత్తి కిడ్నాప్‌తో మొదలై చిక్కులు పడుతుంది. దాంట్లో అమ్మాయి మీద వేధింపు కూడా ఉంది, పిల్లలతో చూసేవాళ్లు ముందే తెలుసుకోవాలి. రెండిటికీ ఫోన్లు పక్కన పెట్టాలి. ఒకదాన్నే ఎంచమంటే నేను రెండోది అంటాను. ఆ ముగ్గురి బద్ధకంలో ఒక నిజాయితీ ఉంది.

తాతయ్యలు, పెద్దనాయనలు మాత్రమే ఉన్న మధ్యాహ్నానికి కొత్తవి ఏవీ వద్దు. జంధ్యాల గారి 'అహ నా పెళ్లంట' (1987) చాలు. కోట శ్రీనివాసరావు పిసినారి. కోడిని తాడుకి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఆ ఒక్క సీనులో మాట అక్కర్లేదు, చప్పుడు అక్కర్లేదు. కుక్కర్ కూతలో కూడా నవ్వించే మొహం కామెడీ నాకు తెలిసి అదొక్కటే. ఇప్పటి తిక్క హీరోలందరి కంటే ఆ పిసినారే పెద్ద తిక్కలోడు, పైగా తన తిక్క తనకి తెలియదు.

బస్సులో చూసేవాళ్లకి ఒక మాట. నిడివి ముఖ్యం అక్కడ. 'సినిమా బండి' గంటన్నర పైన కొద్దిగా, నల్లగొండ బస్టాండ్‌లో మొదలుపెడితే ఎల్బీ నగర్ రాకముందే అయిపోతుంది. పాలమూరు నుంచి బయల్దేరినా హైదరాబాద్‌లోకి దిగేలోపు ముగుస్తుంది. జాతిరత్నాలు సరిపోదు, పైగా కోర్టు సీను చివర్లో ఉంది, దిగే తొందరలో పోతుంది. ఇయర్‌ఫోన్ లేకుండా మాత్రం ఏదీ పెట్టొద్దు. మీ ముందు సీటు ఆయన సగం విని, వెనక్కి తిరిగి కథ అడుగుతాడు.

ఇక నెపోలియన్ చూసేవాళ్లు చివర్లో పేర్లు పడుతుంటే ఆపెయ్యకండి. అవి అయ్యాక ఇంకో సీను ఉంది. కిప్ పెళ్లి.